కరెంటు తిరిగొచ్చే దారి

గాజువాక,
విశాఖపట్నం.

సాయీ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన జబ్బు ఇదీ. నలభై అడుగుల ట్రెయిలరు. లైట్ల స్విచ్చి వేస్తే వెనక టెయిల్ లైట్లు బాగానే వెలుగుతున్నాయి. బ్రేకు తొక్కగానే ఇంకా ఎర్రగా మండాల్సింది పోయి, ఉన్న టెయిల్ లైట్లు కూడా చచ్చిపోతున్నాయి. ఎవరూ వెయ్యని ఇండికేటర్లేమో రెండు పక్కలా మసగ్గా వెలుగుతున్నాయి. మీ షెడ్డులో ఒకాయన బల్బులు మార్చమన్నాడు, ఇంకొకాయన బ్రేకు స్విచ్చి పోయిందన్నాడు, డ్రైవరు మొత్తం వైరింగు పీకి కొత్తది వేయించమంటున్నాడు. ఎవరి మాట వినాలి మావయ్యా అని అడిగావు.

ముగ్గురి మాటా వినకు. ఆ ట్రెయిలరుకి ఎర్త్ పోయింది. బండిని చూడకుండా ఎలా చెప్పానో రాస్తున్నాను. రేపు ఇంకో బండి ఇంకో వేషంలో వస్తుంది, అప్పుడు నన్ను అడగాల్సిన పని ఉండకూడదు.

ప్రతి లైటుకీ రెండు దారులుంటాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజు, స్విచ్చి, సాకెట్ మీదుగా బల్బు దాకా వెళ్ళేది ఒకటి. బల్బు నుంచి ఎర్త్ తీగ పట్టుకుని బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చేది రెండోది. వెళ్ళే దారికి ఫ్యూజులున్నాయి, స్విచ్చిలున్నాయి, రంగురంగుల తీగలున్నాయి. అందరి కళ్ళూ దానిమీదే. తిరిగొచ్చే దారి ఒకే ఒక్క తెల్ల తీగ, చాసీకి బిగించిన ఒక్క బోల్టు. లైట్లన్నిటికీ కలిపి అదొక్కటే దిక్కు. "కరెంటు వస్తోందా?" అని అడిగేవాళ్ళు వందమంది కనిపిస్తారు, "తిరిగి వెళ్తోందా?" అని అడిగేవాడు ఒక్కడు దొరకడు. ఈ పనిలో నీకు పేరు రావాలంటే ఆ రెండో ప్రశ్న ముందు అడుగు.

ఇప్పుడు నీ బండి సంగతి. ఎర్త్ తీగ తెగితే కరెంటు ఊరుకోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది. టెయిల్ బల్బులోంచి దిగిన కరెంటు, ఎర్త్‌లు కలిసే చోటికి వచ్చి, అక్కడినుంచి బ్రేకు బల్బు ఫిలమెంటులోకి వెనకనుంచి దూరి, బ్రేకు తీగ మీదుగా, ట్రెయిలర్ని లాగే ముందు బండిలోకి వెళ్ళి, అక్కడి బ్రేకు బల్బు ద్వారా ఎర్త్ చేరుతుంది. 24 వోల్టుల, 21 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని రెసిస్టెన్సు 27 ఓములు. చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉంటుందో లేదో. అంటే ఆరిపోయి ఉన్న పెద్ద బల్బు దాదాపు ఉత్త తీగతో సమానం. అందుకే 5 వాట్ల టెయిల్ బల్బులు ఏమీ ఎరగనట్టు వెలుగుతున్నాయి. నువ్వు బ్రేకు తొక్కావు. ఆ దొంగదారి అవతలి కొసకి కూడా 24 వోల్టులు వచ్చి కూచున్నాయి. ఇవతలా అవతలా ఒకే వోల్టేజి ఉంటే మధ్యలో కరెంటు పారదు, టెయిల్ లైటు చచ్చిపోతుంది. మిగిలింది ఇండికేటర్ల దారి. ఉన్న కరెంటంతా వాటిలోంచి ముందు బండికి పోతుంది కాబట్టి అవి మసగ్గా వెలుగుతాయి. ఒక లైటు వేస్తే ఇంకోటి పలికిందంటే, ఒకటి వేస్తే ఇంకోటి ఆరిందంటే, బల్బు పెట్టె తెరవకు. నేరుగా ఎర్త్ దగ్గరికి నడువు.

ఇంకో ఆనవాలు కూడా గుర్తుపెట్టుకో. బండి తిన్నగా పోతున్నంతసేపూ లైట్లు బాగుండి, షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డు మలుపు తిరిగేటప్పుడు మినుకుమంటున్నాయని డ్రైవరు చెబితే, ఆ ట్రెయిలరు ఎర్త్ తీగ ఎప్పుడో తెగి ఉండొచ్చు. ట్రెయిలరు కింగ్‌పిన్నూ, దాన్ని పట్టుకునే ముందు బండి ఫిఫ్త్ వీలూ ఒకదానికొకటి ఆనుకున్న చోటునుంచి కరెంటు తిరిగొస్తూ ఉంటుంది. ఆ రెండింటి మధ్యా ఉండేది గ్రీజు. మలుపులో ఇనుము కదిలినప్పుడల్లా ఆ అంటుకోలు విడుతుంది. గ్రీజు కొత్తగా పెట్టిన రోజున ఆ అంటుకోలు పూర్తిగా పోవచ్చు. "గ్రీజు పెట్టాక లైట్లు పోయాయి" అని డ్రైవరు అంటే నవ్వకు, అతను నిజమే చెబుతున్నాడు.

మన ఊళ్ళో ఈ జబ్బు ఎక్కువ ఎందుకంటే, ఇక్కడి గాలి అలాంటిది. 1933లో ఓడరేవు తెరిచినప్పటినుంచీ ఖనిజం దుమ్ము ఉంది, ఉప్పుగాలి అంతకుముందునుంచే ఉంది. 2003లో కంటైనర్ టెర్మినల్ వచ్చాక ట్రెయిలర్లు పెరిగాయి. అవి సముద్రం పక్కన యార్డుల్లో రాత్రంతా నిలబడతాయి. ఉప్పు ఒట్టి పొడిలా పడి ఉండదు, గాలిలోని చెమ్మని పీల్చుకుని పలచటి నీటిపొర అవుతుంది, ఆ పొరలోంచి కరెంటు పారుతుంది. రాగికి చిలుము, ఇనుముకి తుప్పు, రెండూ కరెంటుకి అడ్డే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఉప్పునీళ్ళు అడ్డంగా కొట్టాయి. ఆ తర్వాత నెలల తరబడి, పైకి శుభ్రంగా కనిపించే తీగల్ని కోస్తే లోపల నల్లగా ఉండేవి. పోగుల తీగలో నీళ్ళు ఒకచోట దూరితే, దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు పోగుల మధ్య పాకిపోతాయి. అందుకే సూది ఉన్న టెస్టరుతో తీగ తోలుని పొడవొద్దని నీకు ఇన్నిసార్లు చెప్పేది. ఇవాళ నువ్వు చూసుకోవడానికి చేసిన చిల్లు వచ్చే వానాకాలానికి ఇంకొకడికి జబ్బు అవుతుంది. చూడాల్సి వస్తే పిన్ను దగ్గర చూడు, హోల్డరు దగ్గర చూడు, జంక్షన్ పెట్టెలో చూడు.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. ఒక మల్టీమీటరు. ఒక 24 వోల్టుల 21 వాట్ల బల్బుని హోల్డరులో పెట్టి, రెండు పొడుగు తీగలు, రెండు క్లిప్పులు తగిలించుకున్న టెస్ట్ ల్యాంపు. ఫ్యూజు బిగించిన పొడవాటి తీగ ఒకటి. పాత హెడ్‌లైటు బల్బు ఒకటి. టెస్ట్ ల్యాంపు ఎందుకూ, మీటరు ఉందిగా అంటావు. మీటరు తనకోసం తీసుకునే కరెంటు దాదాపు సున్నా. పోగులన్నీ చిలుము పట్టి అరకొరగా అంటుకుని ఉన్న తీగలో కూడా అది 24 వోల్టులు చూపిస్తుంది. 21 వాట్ల బల్బు ఒక ఆంపియరుకి కాస్త తక్కువ లాగుతుంది. అంత లాగితే ఆ తీగ బండారం బయటపడుతుంది. బరువు మోయించకుండా ఏ తీగనీ మంచిదని సర్టిఫికెట్ ఇవ్వకు.

ఇక వరస. ముందు డ్రైవర్ని అడుగు: ఎప్పటినుంచి? దీనికి ముందు ఏ బండి ఈ ట్రెయిలర్ని లాగింది? మధ్యలో వెల్డింగు ఏమైనా చేయించారా? సగం రోగం ఈ మూడు జవాబుల్లోనే తెలుస్తుంది. ఆ తర్వాత చక్రాలకి చెక్కలు పెట్టించు. 24 వోల్టులు షాకు కొట్టకపోవచ్చు గానీ, స్పానరుతో పాటు చేతి ఉంగరం బ్యాటరీ కొసల మధ్య అడ్డం పడితే ఎర్రగా కాలుతుంది. ఉంగరం తీసి జేబులో పెట్టుకో.

మొదటి పని, జబ్బు ముందు బండిదా, ట్రెయిలరుదా తేల్చడం. ప్లగ్గు పీకెయ్యి. ముందు బండి సాకెట్ తెరిస్తే ఏడు పిన్నులు కనిపిస్తాయి, పక్కనే ప్లాస్టిక్ మీద అంకెలుంటాయి. 24 వోల్టుల బళ్ళకి ఐఎస్ఓ 1185 అని ప్రమాణం ఉంది. దాని ప్రకారం 1 ఎర్త్, 2 ఎడమ టెయిల్, 3 ఎడమ ఇండికేటరు, 4 బ్రేకు, 5 కుడి ఇండికేటరు, 6 కుడి టెయిల్, నడిమధ్యన ఉండే 7 అదనపు పనికి. రంగులు వరసగా తెలుపు, నలుపు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ, నీలం. కారు వెనక తగిలించే 12 వోల్టుల సాకెట్ కూడా ఏడు పిన్నులదే, కానీ అందులో ఎర్త్ 3వ పిన్నుకి ఉంటుంది. ఆ పటం చూసి ఈ పని చెయ్యకు. రంగుల్ని కూడా నమ్మకు. అర్ధరాత్రి దాబా దగ్గర రిపేరు చేసినవాడు చేతిలో ఏ తీగ ఉంటే అది కలిపి ఉంటాడు. అంకెని నమ్ము, ల్యాంపుతో రుజువు చేసుకో.

టెస్ట్ ల్యాంపు ఒక క్లిప్పుని 1వ పిన్నుకి పెట్టు. చాసీకి పెట్టకు, అక్కడే చాలామంది బోల్తా పడతారు. చాసీకి పెట్టి చూస్తే వెళ్ళే దారి ఒక్కటే పరీక్ష అవుతుంది. 1వ పిన్నుకి పెడితే వెళ్ళేదీ వచ్చేదీ రెండూ ఒకేసారి తేలతాయి. రెండో క్లిప్పుని 2 నుంచి 6 దాకా వరసగా ముట్టిస్తూ, లోపల కూచున్నవాడితో టెయిల్, ఇండికేటరు, బ్రేకు వేయించు. ప్రతి పిన్నుకీ ల్యాంపు నిండుగా వెలిగితే ముందు బండి మంచిదే. 1వ పిన్నుతో వెలగక చాసీతో వెలిగితే ముందు బండి ఎర్త్ తీగే తెగింది. ఏ ఒక్క పిన్నో వెలగకపోతే ఆ పిన్ను ఫ్యూజు, రిలే, స్విచ్చి చూసుకో.

ముందు బండి మంచిదైతే రెండో పని. ఆ బండిని పక్కన పెట్టి, రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో కలిపి, నెగటివ్‌ని ట్రెయిలరు ప్లగ్గు 1వ పిన్నుకి, పాజిటివ్‌ని ఫ్యూజు తీగతో మిగతా పిన్నులకి ఒక్కొక్కటిగా ఇవ్వు. వెనక ఒకణ్ణి నిలబెట్టి, వెలిగింది మాత్రమే కాదు, వెలగకూడనిది ఏది వెలిగిందో కూడా చెప్పమను. చుట్టల కేబులు మధ్యలో ఉంటుందని మరిచిపోకు. అది మలుపుల్లో సాగీ ముడుచుకునీ, ప్లగ్గు మొదట్లో తోలు బాగానే ఉండి లోపల పోగులు తెగుతాయి. పరీక్ష జరుగుతుండగా కేబుల్ని అటూ ఇటూ వంచి చూడు. ఇంకో మంచి కేబులు మీ షెడ్డులో ఎప్పుడూ ఒకటి ఉంచు. అది మార్చి చూడటం రెండు నిమిషాల పని.

మూడోది ఎర్త్ కొలత. ఇది నేర్చుకున్న రోజు నువ్వు మెకానిక్‌వి అవుతావు. ప్లగ్గు మళ్ళీ ముందు బండికి పెట్టి, లైట్లన్నీ ఒకేసారి వేయించు, బ్రేకు కూడా తొక్కించు. మీటరు ఎర్ర ప్రోబు వెనక లైటు ఎర్త్ పిన్ను మీద, నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ మీద పెట్టు. నల్ల ప్రోబుకి పొడుగు తీగ కలుపుకోవాలి. దారి బాగుంటే అర వోల్టు లోపు చూపిస్తుంది. రెండు, మూడు, ఐదు చూపిస్తే అంత వోల్టేజినీ తిరిగొచ్చే దారే మింగేస్తోందని అర్థం. లెక్క చూడు. టెయిల్, పక్క లైట్లు పది ఉన్నాయనుకో, 50 వాట్లు. బ్రేకు రెండు, 42. ఒక ఇండికేటరు, 21. మొత్తం 113 వాట్లు, 24 వోల్టుల మీద దాదాపు ఐదు ఆంపియర్లు. చాసీ బోల్టు కింద తుప్పు ఒక్క ఓము అడ్డం పెట్టినా నాలుగు వోల్టులకి పైగా పోతాయి. అదే ఒక్క 5 వాట్ల టెయిల్ బల్బు వేసి చూస్తే లాగేది 0.2 ఆంపియరు, పోయేది 0.2 వోల్టు, కంటికి తేడా తెలియదు. విడివిడిగా చూస్తే అన్నీ బాగుండి, కలిపి వేస్తే చచ్చిపోయే బళ్ళ రహస్యం ఇదే. పైగా ఫిలమెంటు బల్బుకి వోల్టేజి ఐదో వంతు తగ్గితే వెలుగు సగానికి పైగా పోతుంది. వెళ్ళే దారిని కూడా ఇలాగే కొలవచ్చు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పదిహేను మీటర్లు పోతే, రెండు బ్రేకు బల్బుల కరెంటుకి పోవాల్సింది 0.3 వోల్టు. అంతకు చాలా ఎక్కువ పోతుంటే మధ్యలో ఎక్కడో చిలుము పట్టిన అతుకు ఉంది.

ఫ్యూజు కొట్టేస్తుంటే వరస వేరు. అక్కడ కరెంటుకి దారి లేకపోవడం కాదు, బల్బు దాకా పోకుండానే దగ్గరి దారి దొరికింది. ఫ్యూజు మీద ఫ్యూజు వేస్తూ పోకు, పెద్ద ఫ్యూజు అసలు వెయ్యకు, తీగ అంటుకుంటుంది. ఫ్యూజు పీకి ఆ చోట ఇందాకటి హెడ్‌లైటు బల్బు తగిలించు. ఇంటి వైరింగు చేసేవాళ్ళ సిరీస్ బల్బే ఇది. షార్టు ఉన్నంతసేపూ బల్బు నిండుగా మండుతుంది, తీగలకి ఏ హానీ ఉండదు. ట్రెయిలరు ప్లగ్గు పీకగానే ఆరిందా, జబ్బు వెనక ఉంది. మళ్ళీ పెట్టి, తీగల కట్టని ముందునుంచి వెనక్కి కదుపుతూ నడువు. ఎక్కడ కదిపితే బల్బు మసగ్గా అయిందో అక్కడే రాపిడి. ముందు చూడాల్సినవి: కింగ్‌పిన్ను దగ్గర కేబులు చాసీలోకి దూరే చిల్లు, లాండింగ్ లెగ్గు పక్క, చాసీ అంచు మీద క్లిప్పు ఊడిన చోట్లు, వెనక లైటు వీపు.

వెల్డింగు గురించి అడగమన్నాను కదా. వెల్డింగు కరెంటు వందల ఆంపియర్లలో ఉంటుంది, దానికీ తిరిగొచ్చే దారి కావాలి. వెల్డరు ఎర్త్ క్లాంపుని దూరంగా ఎక్కడో తగిలించి, ప్లగ్గు పీకకుండా ట్రెయిలరుకి అతుకేస్తే ఆ కరెంటులో కొంత మన సన్నటి తెల్ల తీగలోంచి పోతుంది. తీగ లోపల మాడిపోతుంది, పైకి ఏమీ తెలియదు. మన చుట్టుపక్కల వెల్డింగు చెయ్యని ట్రెయిలరు ఉండదు కాబట్టి ఇది గట్టిగా చెప్పు: ముందు ప్లగ్గులు పీకాలి, ఏబీఎస్ ప్లగ్గు కూడా. క్లాంపు అతుకు పక్కనే పెట్టాలి.

ఇక ఎల్ఈడీ లైట్లున్న బళ్ళు. అవి లాగే కరెంటు చాలా తక్కువ. పాత ఫ్లాషరు దాన్ని చూసి బల్బు పోయిందనుకుని గబగబా కొడుతుంది. అక్కడ జబ్బు లేదు, ఫ్లాషరు మార్చాలి. స్విచ్చి తీసినా ఎల్ఈడీ సన్నగా వెలుగుతుంటే ప్లగ్గులో ఉప్పుపొర పిన్ను నుంచి పిన్నుకి కరెంటు పాకిస్తోంది. మంచినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బళ్ళలో చాలావాటికి లైట్లని కంప్యూటరు నడుపుతుంది. వాటి లోపలి తీగల్లో ల్యాంపు పెట్టకు, సాకెట్ దాటి లోపలికి వెళ్ళాల్సి వస్తే కంపెనీ వాళ్ళ బొమ్మ ముందు పెట్టుకో.

జబ్బు దొరికాక బాగుచెయ్యడంలో తొందరపడకు. తళతళలాడే రాగి కనిపించేదాకా తీగని కొయ్యి. రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టడం మన ఎండకి పనికిరాదు, జిగురు కారి ఊడిపోతుంది. లగ్గు పెట్టి గట్టిగా నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు ఎక్కించు. ఎర్త్ బోల్టు కింద పెయింటు, తుప్పు ఎమరీ పేపరుతో తీసి, తెల్లటి ఇనుము కనిపించాక పళ్ళ వాషరు పెట్టి బిగించి, పైన గ్రీజు పూయి. చాసీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా ప్రతి లైటుకీ ఎర్త్ తీగ 1వ పిన్ను దాకా లాగు. లైటులోకి దూరే ముందు కేబుల్ని కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్తే నీళ్ళు ఆ వంపులోనే కారిపోతాయి. పిన్నులకి కొంచెం వాజలీను. సాకెట్ మూత స్ప్రింగు విరిగితే మూత మార్చు, ఆ మూత ఖర్చుకి వెనకాడినవాడు తర్వాత కేబులే కొంటాడు.

ఇంత చాదస్తం దేనికంటావేమో. దేశంలో 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆ ప్రమాదాల్లో ఐదింట ఒకటికి పైగా వెనకనుంచి గుద్దినవే. మన స్టీల్‌ప్లాంటు నుంచి వెళ్ళేవి కడ్డీలు, వైర్ రాడ్ చుట్టలు, యాంగిళ్ళు. లంకెలపాలెం దాటాక చీకట్లో ఆగిన ఇనుము బండిని బైకు మీద వచ్చేవాడు ఆ ఎర్ర లైటుతోనే పసిగట్టాలి. అందుకని లైటు బాగుచేశాక దాని మీద సరుకు గానీ, పట్టా కొస గానీ వేలాడుతోందా చూడు. వెనక ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు దుమ్ము తుడిపించు, కరెంటు పోయినా పనిచేసేది అదొక్కటే.

రేపు చెయ్యాల్సింది ఇది. ఆ ట్రెయిలరు 1వ పిన్నుతో మొదలుపెట్టు. బాగయ్యాక, అన్ని లైట్లూ వేసి బ్రేకు తొక్కించి, ఎర్త్ కొలత తీసి, బండి నెంబరు పక్కన ఆ అంకె తేదీతో సహా రిజిస్టరులో రాయి. ప్రతి ట్రెయిలరుకీ అలాగే. 0.2 ఉన్నది మూడు నెలలకి 0.8 అయిందంటే లైటు ఇంకా వెలుగుతూనే ఉంటుంది, కానీ బోల్టు విప్పాల్సిన రోజు వచ్చిందని నీకు ముందే తెలుస్తుంది. బల్బులు, స్విచ్చి అన్నవాళ్ళతో వాదించకు, మీటరు వాళ్ళ ముందే పెట్టి చూపించు. పెద్దవాళ్ళు, నీకు వేరే పనులు నేర్పాల్సినవాళ్ళు.

ఆ బండి కొలత ముందు ఎంత, తర్వాత ఎంత, నాకు రాసి పంపు. అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మావయ్య